ఆరుగురి టీమ్‌కు ఎక్సెల్ నేర్పించాలి: క్లాసు పెట్టించాలా, వీడియోలా, మాలో ఒకరు నేర్పాలా?

స్టాకు_లెక్కలు అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. ఒక గోదాములో స్టాకు, డిస్పాచ్ లెక్కలు రాసే ఆరుగురికి నేను టీమ్ లీడర్ని. మా పనంతా ఎక్సెల్ మీదే. టీమ్‌కు శిక్షణ ఇప్పించడానికి పైనుంచి అనుమతి వచ్చింది. ఎలా ఇప్పించాలో నన్నే తేల్చమన్నారు. నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నా, ఎటూ తేలడం లేదు.

పోయినేడాది ఒక శిక్షణ సంస్థవాళ్ళు వచ్చి రెండు రోజుల క్లాసు చెప్పారు. పివట్ టేబుళ్ళు (పెద్ద లిస్టును గుంపులవారీగా కూడి చూపే పట్టికలు), చార్టులు, మాక్రోలు (పదే పదే చేసే పనిని ఎక్సెలే చేసేలా రాసిపెట్టేవి) అన్నీ చూపించారు. ఆ రెండు రోజులూ అందరూ ఉత్సాహంగానే ఉన్నారు. నెల తిరిగేసరికి పివట్ టేబుల్ పెట్టడం ఒక్కరికే గుర్తుంది. ఇద్దరైతే మళ్ళీ కాలిక్యులేటర్‌తో కూడి, వచ్చిన మొత్తాన్ని సెల్‌లో టైపు చేస్తున్నారు.

ఈమధ్య ఇంకొకటి జరిగింది. ఐటమ్ కోడ్‌ను బట్టి రేటు తెచ్చే షీటులో వీలుకప్ (VLOOKUP) ఫార్ములా చివర ఫాల్స్ (FALSE) అని పెట్టలేదు. కొన్ని కోడ్లకు వేరే ఐటమ్ రేటు వచ్చి కూర్చుంది. ఎర్రర్ చూపించలేదు, అంకె చూస్తే అనుమానం రాదు. మూడు వారాల రిపోర్టులు అలాగే వెళ్ళిపోయాయి. ఆ ఫార్ములా రాసిన అబ్బాయి ఇప్పటికీ నా ఎదురుగా తలెత్తి మాట్లాడలేకపోతున్నాడు. ఆ ఫాల్స్ ఎందుకో అతనికి ఎవరూ చెప్పలేదు, ఆ రిపోర్టుల మీద సంతకం పెట్టింది నేను.

టీమ్‌లో ఇద్దరికి బాగా వచ్చు. ముగ్గురికి సమ్ వరకే తెలుసు. ఒకమ్మాయి కొత్తగా చేరింది, ఏం నొక్కితే ఏం పోతుందోనని మౌస్ పట్టుకోవడానికే భయపడుతుంది. మూడు మెషీన్లలో ఎక్సెల్ 2016, మిగతా వాటిలో మైక్రోసాఫ్ట్ 365 ఉన్నాయి. మళ్ళీ క్లాసు పెట్టించనా? అందరికీ ఆన్‌లైన్ కోర్సు తీసుకోనా? బాగా వచ్చిన ఇద్దరిలో ఒకరిని నేర్పమననా? మీరు చేసి చూసినవి చెప్పండి.

అర్ధరాత్రి_షీటు

నేను వీడియోలు చూసే నేర్చుకున్నానండీ. అది కుదరడానికి కారణం, మర్నాటికల్లా ఎనిమిది హాజరు షీట్లు కలిపి ఒక్కటి చేయాల్సిన పని నెత్తిన ఉండటం. ఆ అవసరం కోసం వెతికి చూసింది ఇవాళ్టికీ గుర్తుంది. ఊరికే కోర్సు పూర్తి చేద్దామని చూసిన ముప్ఫై వీడియోల్లో ఒక్కటీ గుర్తులేదు. ఆరుగురికీ కోర్సు ఇచ్చి వదిలేస్తే స్పీడు పెంచి చూసేసి సర్టిఫికెట్టు తెచ్చి చూపిస్తారు. వీడియో ఆపి, తన ఫైల్లో చేసి, మళ్ళీ వీడియో నడిపే ఓపిక అవసరం ఉన్నవాడికే వస్తుంది. బాగా వచ్చిన ఆ ఇద్దరికి మాత్రం ఇదే నయం. వేర్వేరు ఫైళ్ళ డేటాను తెచ్చి కలిపే పవర్ క్వెరీ లాంటివి వాళ్ళంతట వాళ్ళే పట్టేస్తారు.

పాత_లెడ్జరు

పద్ధతి సంగతి తర్వాత చూద్దాం. ముందు గత నెలలో మీ టీమ్ చేసిన ఫైళ్ళు తెరిచి ఒక పూట కూర్చోండి. నేను ఇరవై ఏళ్ళుగా అకౌంట్సులో ఉన్నాను, పన్నెండేళ్ళుగా మా వాళ్ళకు నేనే నేర్పుతున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, మీ ఫైళ్ళకంటే మంచి సిలబస్ మీకు ఎవరూ రాసివ్వలేరు.

ఏం చూడాలంటే, కంట్రోల్ పట్టుకుని ట్యాబ్ పైన ఉన్న కీ నొక్కండి. షీటులో ఫార్ములాలన్నీ బయటపడతాయి. మొత్తం ఉండాల్సిన చోట ఫార్ములా ఉందా, ఉత్త అంకె ఉందా? అంకెలు సెల్‌లో ఎడమవైపు అంటుకుని ఉన్నాయా? మీరు అలైన్‌మెంట్ మార్చకపోతే అవి టెక్స్టుగా ఉన్నట్టే, సమ్ వాటిని కలపదు. తేదీల కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉన్నాయా? కనిపించిన ప్రతి తప్పునూ ఒక కాగితం మీద రాయండి. మీది డిస్పాచ్ కాబట్టి పొడుగాటి నంబర్లను ముఖ్యంగా చూడండి. ఎక్సెల్ అంకెను 15 స్థానాల వరకే పట్టుకుంటుంది, ఆ తర్వాతవి సున్నాలైపోతాయి. కోడ్ మొదట్లో ఉన్న సున్నాలు కూడా ఎగిరిపోతాయి. టైపు చేయకముందే ఆ కాలమ్‌ను టెక్స్టుగా మార్చాలి. ఒకసారి పోయిన అంకె తర్వాత ఎంత ఫార్మాటు మార్చినా తిరిగిరాదు.

మొదట్లో నేనూ కోర్సుతో వచ్చిన నమూనా ఫైలు పెట్టుకునే చెప్పాను. యాభై వరుసలు, ఎక్కడా ఖాళీ లేదు, పేర్లన్నీ ఒకేలా ఉన్నాయి. అందరూ ముచ్చటగా చేశారు. మర్నాడు తమ ఫైలు తెరిస్తే అందులో కలిపేసిన సెల్స్, మధ్యలో ఖాళీ వరుసలు, పేరు చివర కంటికి కనిపించని ఖాళీలు. వీలుకప్ పెడితే ఏదీ దొరకలేదంటుంది. నేర్చుకున్నది దేనికీ పనికిరాదని వాళ్ళకు అనిపించింది. ఆ రోజు వాళ్ళ ముఖాలు చూశాక నేను నమూనా ఫైలు జోలికి పోలేదు.

మీ ఆరుగురికీ ఒకే పాఠం పెట్టకండి. ఎంట్రీ చేసేవాళ్ళకు మాక్రోలు ఎందుకు? వాళ్ళకు కావలసింది తేదీ సరిగ్గా కొట్టడం, డేటా వాలిడేషన్ లిస్టులోంచి (సెల్‌లో ముందే పెట్టి ఉంచిన జాబితాలోంచి) ఎంచుకోవడం, కంట్రోల్, టి నొక్కి డేటాను టేబుల్‌గా మార్చడం. ఫార్ములాలు కట్టేవాళ్ళది వేరే పాఠం. సంతకం పెట్టే మీది ఇంకోటి. తనిఖీ చేయడం మీరు నేర్చుకోవాలండీ. పోయినేడాది క్లాసులో అది ఎవరైనా చెప్పారా?

తనిఖీ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు దేశాల అప్పు మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రభుత్వాల విధానాల చర్చల్లో అది చాలాచోట్ల వినిపించింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ళ షీటు తెప్పించుకుని చూస్తే, సగటు 30వ వరుస నుంచి 49 దాకా తీయాల్సింది 44 దగ్గరే ఆగింది. ఐదు దేశాలు లెక్కలోకే రాలేదు. అతను ఇంకా వేరే అభ్యంతరాలూ చెప్పాడు గానీ, ఈ తప్పు మాత్రం ఆ సెల్ మీద ఎఫ్2 నొక్కితే రంగు గీత ఎక్కడ ఆగిందో చూసి పట్టుకోగలిగేది. అంతంత చదువుకున్నవాళ్ళకే జరిగింది. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి.

అతని ఫార్ములాలో జరిగింది కూడా అందరికీ విడమరిచి చెప్పాలి. వీలుకప్‌లో నాలుగో భాగం వదిలేస్తే దగ్గర్లో ఉన్నదాంతో సరిపెట్టుకోమని అర్థం. పైగా కోడ్లు వరుసక్రమంలో ఉన్నాయనుకుని వెతుకుతుంది. మీ కోడ్లు అలా ఉండవు, అందుకే వేరే ఐటమ్ రేటు తెచ్చింది. ఫాల్స్ పెట్టి ఉంటే దొరకని కోడ్‌కు ఎర్రర్ చూపించేది. ఎర్రర్ వస్తే కంగారుపడి దాన్ని చెరిపేయడానికి చూస్తారు చాలామంది. తప్పు అంకె కంటే ఎర్రర్ వెయ్యి రెట్లు మేలని మొదటి రోజే చెప్పాలి.

ఇక పద్ధతి. వారానికి ఒక గంట, ఎనిమిది వారాలు, మీ ఫైళ్ళ మీదే. గంటకు ఒకే విషయం. సగం సేపు చెప్పడం, మిగతా సగం వాళ్ళు తమ ఫైల్లో చేయడం. నేర్పేవాళ్ళు ఎవరైనా సరే, నేర్చుకునేవాళ్ళ చేతిలోంచి మౌస్ తీసుకోకూడదు. నాకు అది మానడానికి రెండేళ్ళు పట్టింది. ఆలస్యమవుతుందని మనం లాక్కుని చేసేస్తాం, వాళ్ళు చూస్తూ ఉండిపోతారు. మీ ఇద్దరిలో ఓపిక ఉన్నవారిని నేర్పమనండి, ఎక్కువ వచ్చినవారిని కాదు. ఆ మేరకు వారి రోజువారీ పని తగ్గించండి. తగ్గించకుండా నేర్పమంటే మూడో వారానికి ఆగిపోతుంది.

క్లాసు_చెప్పే_మనిషి

పై మాటలు చాలావరకు ఒప్పుకుంటాను. నేను క్లాసులు చెప్పేవాణ్ణే, అయినా ఒప్పుకుంటాను. ఒక్కచోట మాత్రం నాది వేరే మాట. మౌస్ పట్టుకోవడానికి భయపడుతున్న ఆ అమ్మాయికి సొంత టీమ్‌వాళ్ళ ముందు అడగడం కష్టం. రోజూ పక్కన కూర్చునేవాళ్ళ ముందు సేవ్ యాజ్ అంటే ఏమిటని అడగలేక నెలల తరబడి దాచుకున్నవాళ్ళను నేను చూశాను. బయటి క్లాసులో ఎవరూ తెలియనివాళ్ళ మధ్య అడిగేస్తారు. ఆమె ఒక్కరినీ మొదటి మెట్టు క్లాసుకు పంపండి. తిరిగొచ్చాక మీ గంటల్లో కలుస్తుంది.

బయటివాళ్ళను పిలిచేట్టయితే, మా ఫైళ్ళు ముందే చూస్తారా, క్లాసు అయ్యాక నెల రోజులు మా సందేహాలకు జవాబు చెప్తారా అని అడగండి. రెండింటిలో దేనికైనా నీళ్ళు నమిలితే వద్దనుకోండి.

మెషీన్ల సంగతి ముందు తేల్చుకోండి. ఇప్పుడు కోర్సులన్నీ వీలుకప్‌కు బదులు కొత్తగా వచ్చిన ఎక్స్‌లుకప్ (XLOOKUP) చెప్తున్నాయి. మంచిదే, ఏమీ పెట్టకపోయినా అది అచ్చంగా సరిపోయినదాన్నే వెతుకుతుంది, మీకు జరిగిన తప్పు దాంతో జరగదు. కానీ ఎక్సెల్ 2016లో రాస్తే ఆ పేరు తనకు తెలియదని నేమ్ ఎర్రర్ వస్తుంది. సగంమంది చేసి, సగంమంది చేయలేక కూర్చుంటే క్లాసు అక్కడితో చెడిపోతుంది. 2016కు మైక్రోసాఫ్ట్ సపోర్టు కూడా 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. శిక్షణ కంటే ముందు ఆ మూడు మెషీన్లు మార్పించండి. కుదరకపోతే అందరికీ వీలుకప్పే నేర్పండి.

ఇంకో మాట. ఫైలు ఏ ఫార్మాటులో సేవ్ అవుతోందో కూడా నేర్పాలి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్లో 65,536 వరుసలే పడతాయి, కొత్తదాంట్లో 10,48,576. 2020లో ఇంగ్లండ్‌లో పాత ఫార్మాటు వాడటంవల్ల 15,841 కొవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు.

స్టాకు_లెక్కలు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం కూర్చుని పద్నాలుగు ఫైళ్ళు తెరిచాను. తొమ్మిది చోట్ల మొత్తాలు టైపు చేసి ఉన్నాయి. రెండు ఫైళ్ళలో లారీ రసీదు నంబర్ల చివర అన్నీ సున్నాలే, పాత రసీదులు తీసి మళ్ళీ కొట్టాలి. ఇన్నాళ్ళూ ఇవన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి.

మెషీన్ల కోసం ఇవాళే రాశాను. కొత్తమ్మాయిని విడిగా అడిగితే బయటి క్లాసుకు వెళ్తానంది, ముఖం వెలిగిపోయింది. మిగతావాళ్ళకు వారానికో గంట. నేర్పే ఆయనకు ఆ రోజు డిస్పాచ్ ఎంట్రీలు ఉండవు, అవి నేను చేస్తాను. మొదటి గంటలో ఏ ఫైలు తీద్దామని అడిగితే రేట్ల షీటే తీయండి అన్నాడు ఆ అబ్బాయి.

పాత_లెడ్జరు

ఒరిజినల్ ఫైలు తెరవకండి. కాపీ తీసి దానిమీదే చేయండి. తప్పు ఉన్న పాత ఫార్ములాను అందులో అలాగే ఉంచండి, సరిచేయాల్సింది వాళ్ళు.