జీపీ ఫారంలో ఎత్నిసిటీ కాలమ్: నింపాలా, వదిలేయాలా?

వానాకాలం:
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఇంగ్లండ్ వచ్చాం. నాకిప్పుడు ఐదో నెల. జీపీ (మన ఏరియా డాక్టర్) దగ్గర రిజిస్టర్ అయినప్పుడు ఎత్నిసిటీ (మనం ఏ జాతి మూలానికి చెందినవాళ్లం) అని ఒక కాలమ్ ఉంటే ఖాళీగా వదిలేశాం. తర్వాత మిడ్‌వైఫ్ (కాన్పు నర్సు) కూడా అదే అడిగితే దాటవేశాను. మొన్న స్కాన్‌కి వెళ్తే వాళ్ల స్క్రీన్ మీద నా పేరు పక్కన 'ఎనీ అదర్ ఎత్నిక్ గ్రూప్' (ఇంకేదైనా జాతి) అని ఉంది. నేనెవరికీ అలా చెప్పలేదు! మావారేమో "అక్కడ ఏ ఫారం చూసినా కులం, ఇక్కడ ఇదొకటా, చెప్పేది లేదు" అంటున్నారు. వీసా మీద ఉన్నాం కాబట్టి ఆయనకు అదో టెన్షన్. చెబితే మనకేమైనా ఉపయోగం ఉందా? చెప్పకపోతే ట్రీట్‌మెంట్‌లో తేడా వస్తుందా?

మొండిఘటం:
చెప్పకండి. 'చెప్పదలచుకోలేదు' అన్న ఆప్షన్ పెట్టింది అందుకే. 2017లో ఎన్‌హెచ్ఎస్ డిజిటల్‌కీ (ప్రభుత్వ వైద్య సేవల డేటా చూసిన సంస్థ) హోం ఆఫీస్‌కీ (వీసాలు చూసే శాఖ) మధ్య ఒప్పందం కుదిరింది, గుర్తుందా? ఇమ్మిగ్రేషన్ వాళ్ల కోసం పేషెంట్ల వివరాలు ఇచ్చారు. ఒక శాఖకి చెప్పింది ఇంకో శాఖకి వెళ్లదని ఎలా నమ్మాలి?

రికార్డ్‌సెక్షన్:
నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో పేషెంట్ల రికార్డులు చూసే పనిలో ఉన్నాను. ముందు మొండిఘటం గారికి: ఆ ఒప్పందం నిజమే, దానివల్ల ఆసుపత్రికి రావడానికే జనం భయపడ్డదీ నిజమే. అప్పుడు ఇచ్చినవి అడ్రసుల్లాంటివి, జబ్బుల వివరాలు కావు. గొడవ పెద్దదై 2018లో వెనక్కి తీసుకున్నారు. ఎత్నిసిటీ కాలమ్ ఖాళీగా ఉంచినంత మాత్రాన మీ అడ్రస్ దాగదు కదండీ.

వానాకాలం గారూ, చెప్పడం తప్పనిసరి కాదు. చెప్పలేదని వైద్యం ఆపరు, తగ్గించరు. కానీ మీ స్క్రీన్ మీద కనిపించినదే నాకు రోజూ ఎదురయ్యే తలనొప్పి. ఆసుపత్రుల్లో ఇంకా 2001 సెన్సస్ నాటి పట్టికే నడుస్తోంది, ఒక్కో వర్గానికి ఒక్కో అక్షరం. 'ఎ' అంటే వైట్ బ్రిటిష్, 'హెచ్' ఇండియన్, 'జె' పాకిస్తానీ, 'ఎస్' అంటే ఆ అదర్. అడిగితే చెప్పనన్నవాళ్లకి 'జెడ్'. ఏమీ తెలియకపోతే 99. మీరు చెప్పలేదు కాబట్టి మీ పేరు పక్కన జెడ్ ఉండాలి. కానీ వెనక క్యూ పెరిగిపోతుంటే, అడగడానికి మొహమాటపడి, పేరూ మొహమూ చూసి ఏదో ఒకటి కొట్టేస్తారు. స్క్రీన్ ముందుకు కదిలితే చాలు వాళ్లకి. 2021లో నఫీల్డ్ ట్రస్ట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ ఈ రికార్డుల్ని పరిశీలిస్తే, తప్పులు ఎక్కువగా మైనారిటీ పేషెంట్లవే అని తేలింది. 'అదర్' అనే గంపలోకి జనాన్ని ఎడాపెడా తోసేస్తున్నారు. ఖాళీ అయితే ఖాళీ అని తెలుస్తుంది. తప్పు కోడ్ నిజంలాగా లెక్కల్లోకి వెళ్లిపోతుంది.

ఆ లెక్కలతో ఏం చేస్తారంటారా? కాన్పు సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయే తల్లుల గురించి ఇక్కడ ఎంబ్రేస్ అనే బృందం ఏటా నివేదిక ఇస్తుంది. నల్లజాతి తల్లులకు ముప్పు తెల్లవాళ్లకన్నా రెట్టింపుకు పైనే అనీ, ఆసియా తల్లులకూ ఎక్కువేననీ తెలిసింది ఈ కాలమ్ వల్లనే. (మీరు కంగారు పడకండి, మొత్తం మీద ఇవి చాలా అరుదైన మరణాలు.) కోవిడ్ వచ్చినప్పుడు చూడండి. అప్పట్లో ఇంగ్లండ్‌లో మరణ ధ్రువీకరణలో ఎత్నిసిటీ కాలమే ఉండేది కాదు. ఎవరు ఎక్కువ పోతున్నారో చెప్పడానికి ఓఎన్ఎస్ (ప్రభుత్వ గణాంకాల సంస్థ) వాళ్లు మరణాలను 2011 సెన్సస్‌తో కలిపి చూడాల్సి వచ్చింది. అంటే 2011 తర్వాత వచ్చిన మనలాంటివాళ్లు ఆ లెక్కలోనే లేరు.

కాలమ్ నింపితే వివక్ష పోతుందని నేను చెప్పను. లెక్కలు ముందు పెట్టుకుని కూడా మీటింగులతో సరిపెట్టేవాళ్లున్నారు. కానీ లెక్కే లేకపోతే వాళ్లని నిలదీయడానికీ ఉండదు.

నైట్‌డ్యూటీ:
జీపీగా నాలుగు ముక్కలు. వానాకాలం గారూ, మీకు సూటిగా పనికొచ్చేది షుగర్ పరీక్ష. మధుమేహం ఎక్కువగా ఉండే వర్గాల గర్భిణులకు 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి పరీక్ష చేయాలని నైస్ (ఇక్కడ వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ) మార్గదర్శకాల్లో ఉంది. మనం ఆ కోవలోకి వస్తాం. ఇంకా బుక్ చేయకపోతే మిడ్‌వైఫ్‌ని గట్టిగా అడగండి.

బరువు విషయంలోనూ అంతే. తెల్లవాళ్లకి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 25 దాటితే జాగ్రత్త అంటాం, దక్షిణాసియా వాళ్లకి 23 నుంచే. గుండె జబ్బు ముప్పు అంచనా వేసే క్యూరిస్క్‌లో ఇండియన్, పాకిస్తానీ, బంగ్లాదేశీ విడివిడిగా ఉంటాయి. అక్కడ 'అదర్' అని పడితే వచ్చే అంకె వేరు.

అలాగని ఎత్నిసిటీని ఎక్కడ పడితే అక్కడ వాడటం మంచిదేమీ కాదు. కిడ్నీ పనితీరు లెక్కలో నల్లజాతి వాళ్లకి ఒక అంకెతో హెచ్చవేయమనేవారు. దాంతో కిడ్నీ ఉన్నదానికన్నా బాగా పనిచేస్తున్నట్టు కనిపించేది. 2021లో నైస్ ఆ సవరణను తీసేసింది.

ఇంకోటి. సికిల్ సెల్, తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బుల స్క్రీనింగ్ కోసం మీ వంశం, మీవారి వంశం ఎక్కడివని మిడ్‌వైఫ్ వేరే ఫారం నింపి ఉంటుంది. అది బిడ్డకు సంబంధించిన విషయం, దాన్ని మాత్రం దాటవేయకండి.

వానాకాలం:
చాలా థాంక్స్ అండీ. షుగర్ పరీక్ష సంగతి చదివాక మావారు కాస్త మెత్తబడ్డారు, కానీ ఆయన కాలమ్ ఖాళీగానే ఉంచుతారట. నాది మార్పించాలంటే ఎక్కడ చెప్పాలి? బిడ్డ పుట్టాక మళ్లీ ఇదే గోలా?

రికార్డ్‌సెక్షన్:
ఆయన ఇష్టం. ఖాళీగా వదిలేయకుండా 'చెప్పదలచుకోలేదు' అని టిక్ పెట్టమనండి, లేకపోతే ఎవరో ఒకరు ఊహించి రాస్తారు. మీరు జీపీ రిసెప్షన్‌లోనూ, ఆసుపత్రిలోనూ విడివిడిగా చెప్పండి. ఒకచోట మారిస్తే రెండోచోట దానంతటదే మారుతుందని నమ్మకం లేదు. తప్పు దిద్దమని అడిగే హక్కు డేటా చట్టం ప్రకారం మీకుంది, మొహమాటపడొద్దు. బిడ్డది పుట్టగానే కాన్పు రికార్డుతోపాటే నమోదవుతుంది. తల్లిని అడిగి రాయాలి, కానీ అప్పుడు మీరు అలసటలో ఉంటారు, వాళ్లు హడావిడిలో ఉంటారు. ఏం చెప్పాలో మీరిద్దరూ ముందే అనుకుని ఉంచుకోండి.