ఎబి = బిఎ అయితే చాలా? జంట మాత్రికల మీద వాదన

నెల్లూరు మాస్టారు:
మా ఎమ్మెస్సీ బ్యాచ్‌కి జోర్డాన్ రూపం అయిపోయింది, అంటే బేసిస్ (కొలిచే దిక్కులు) మార్చి మాత్రికని వీలైనంత సులువుగా రాసే పద్ధతి. ఒకమ్మాయి లేచి అడిగింది: ఒక మాత్రికకి ఇట్టాంటి రూపం ఉంది సరే, రెండింటికి కలిపి ఒకే బేసిస్‌లో ఏదైనా ఉందా అని. కమ్యూట్ అయితే, అంటే ఏది ముందు పెట్టి గుణించినా ఒకటే వస్తే అడుగు, కాకపోతే ఆశ వదులుకో అన్నాను. రెండూ డయాగనలైజ్ అయ్యేవైతే (ఏదో ఒక బేసిస్‌లో డయాగనల్ గీత మీద తప్ప అన్నీ సున్నాలయ్యేవైతే), ఎబి = బిఎ అయినప్పుడే ఒకే బేసిస్‌లో రెండూ డయాగనల్ అవుతాయి. సిలబస్‌కి ఇంతకు మించి అక్కర్లేదని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

కావలి కుర్రోడు:
నేనూ అట్నే చదివినా సార్. కమ్యూట్ అయితే రెండూ ఒకే బేసిస్‌లో జోర్డాన్ రూపంలోకి కూడా వచ్చేస్తాయి కదా. నెట్ పరీక్షలో (లెక్చరర్ అర్హత పరీక్ష) అడిగితే కళ్లు మూసుకుని టిక్ పెట్టేస్తా.

ఒంగోలు మేడం:
కళ్లు తెరిచి పెట్టు నాయనా. 3×3లో ఎ అంటే సున్నా ఐగెన్ వాల్యూ (జోర్డాన్ రూపంలో డయాగనల్ మీద వచ్చే సంఖ్య) ఉన్న ఒకే జోర్డాన్ బ్లాక్ అనుకో: డయాగనల్‌కి ఆనుకున్న పై గీతలో 1లు, మిగతావన్నీ సున్నాలు. బి అంటే ఎ స్క్వేర్. కమ్యూట్ అవుతాయని వేరే చెప్పక్కర్లేదు. ఎ జోర్డాన్‌గా ఉన్న బేసిస్‌లో బి ఏమయింది? కుడివైపు పై మూలలో ఒకే ఒక్క 1, మిగతావన్నీ సున్నాలు. జోర్డాన్‌లో 1లు ఆ పై గీతలోనే ఉండాలి, కాబట్టి అది జోర్డాన్ రూపం కాదు. బేసిస్ మార్చుదామంటావా? ఎ రూపం చెడకుండా మార్చాలంటే ఆ మార్చే మాత్రిక ఎ తో కమ్యూట్ అవ్వాలి. ఒకే బ్లాక్ కాబట్టి అట్టాంటివన్నీ ఎ లో పాలినామియల్సే. అవి బి తోనూ కమ్యూట్ అవుతాయి, అంటే బి ఉన్నచోటే ఉంటుంది. ఎన్నిసార్లు తిప్పినా అంతే.

నెల్లూరు మాస్టారు:
డయాగనల్ కాని వాటి సంగతి నేనెత్తలేదు మేడం. అయినా కాంప్లెక్స్ సంఖ్యల మీద కమ్యూట్ అయ్యే జంట ఒకే బేసిస్‌లో అప్పర్ ట్రయాంగ్యులర్ (డయాగనల్‌కి కింద అన్నీ సున్నాలు) అవుతుంది. అది చాలదా?

ఒంగోలు మేడం:
అవుతుంది, కానీ ఒకే జంటకి అట్టాంటి రూపాలు బోలెడు. బేసిస్ మారిస్తే రెండు జంటలు ఒకటేనా కాదా అని తేల్చడానికి అది పనికిరాదు. 1969లో గెల్‌ఫాండ్, పొనొమరేవ్ అనే గణితజ్ఞులు చూపించింది ఇదే: కమ్యూట్ అయ్యే జంటలన్నిటినీ వర్గీకరించడం చేతనైతే, మూడు, నాలుగు, ఎన్ని మాత్రికల గుంపులనైనా వర్గీకరించినట్టే. మీరు భద్రమనుకుంటున్న చోటే లోతు తెలియని గుంట ఉంది.

పొదిలి పాత విద్యార్థి:
మరి గణితజ్ఞుడు క్రోనెకర్ 1890లోనే జంటల లెక్క తేల్చాడు కదండీ?

ఒంగోలు మేడం:
ఆయన తేల్చింది వేరే ఆట. ఎడమవైపు ఒక బేసిస్, కుడివైపు ఇంకొకటి మార్చుకోనిస్తే పూర్తి జాబితా వస్తుంది. రెండు వైపులా ఒకే బేసిస్ అన్నామా, చెయ్యి జారిపోతుంది.

పొదిలి పాత విద్యార్థి:
అయితే మాస్టారే గెలిచినట్టు. కమ్యూట్ అయినా దిక్కు లేనప్పుడు, కానివాటికి ఇంకేం రూపం మిగిలింది?

ఒంగోలు మేడం:
అక్కడే ఉంది అసలు సంగతి. 8 మూలల ఘనం తీసుకోండి. ఒక మూలలో నిలబడి మిగతావి ఎంత దూరమో లెక్కేస్తే 0, 1, 2, 3 దూరాల్లో 1, 3, 3, 1 మూలలు. ఒక్కో మూల నుంచి వెనక్కి ఎన్ని దారులు, ముందుకు ఎన్ని అని వరసలుగా రాస్తే ఎ వస్తుంది: (0, 3, 0, 0), (1, 0, 2, 0), (0, 2, 0, 1), (0, 0, 3, 0). బి ఏమో డయాగనల్: 3, 1, −1, −3. కమ్యూట్ కావు. ఇప్పుడు పి వరసలు: (1, 3, 3, 1), (1, 1, −1, −1), (1, −1, −1, 1), (1, −3, 3, −1). పి తో బేసిస్ మార్చి చూడండి.

కావలి కుర్రోడు:
కాగితం మీద చేసినా మేడం. పి స్క్వేర్ 8 రెట్ల ఐడెంటిటీ. ఎ పోయి బి అయింది, బి పోయి ఎ అయింది! ఏందబ్బా ఇది?

ఒంగోలు మేడం:
దీన్నే లెనార్డ్ జంట అంటారు. ఒక బేసిస్‌లో ఎ ట్రైడయాగనల్ (డయాగనల్, దానికి ఆనుకున్న రెండు గీతలు తప్ప అన్నీ సున్నాలు), బి డయాగనల్. ఇంకో బేసిస్‌లో అటుదిటు. డయాగనల్‌కి ఆనుకున్న రెండు గీతల్లో ఎక్కడా సున్నా ఉండకూడదు. డగ్లస్ లెనార్డ్ 1982లో ఆర్థోగనల్ పాలినామియల్స్ వైపు నుంచి ఇక్కడికొచ్చాడు. ఈ మాత్రికల భాషలో పెట్టి, పూర్తిగా వర్గీకరించింది పాల్ టెర్విలిగర్ అనే గణితజ్ఞుడు. అసలు ఈ జంటలు 2×2 నుంచి మొదలుపెట్టి ఎప్పుడూ కమ్యూట్ కావు.

నెల్లూరు మాస్టారు:
బాగుంది, కాదనను. కానీ ఏరి తెచ్చిన జంట ఇది. షరతులన్నీ మీరే పెట్టి, రూపం వచ్చిందంటే ఎట్టా?

ఒంగోలు మేడం:
కమ్యూట్ అవ్వాలన్నదీ షరతేగా మాస్టారూ, మీరు పెట్టింది. నా షరతులో ఐగెన్ వాల్యూలు ఎంత అని ఎక్కడా చెప్పలేదు. అయినా అవి ఇష్టమొచ్చినట్టు ఉండలేవు. వరసలో పక్కపక్కన ఉన్న ఏ నాలుగు తీసుకున్నా, బయటి రెండింటి తేడాని లోపలి రెండింటి తేడాతో భాగిస్తే ఒకే విలువ వస్తుంది, ఎ కీ బి కీ కూడా అదే. పైన 6ని 2తో భాగిస్తే 3. డయాగనల్ జంటలో ఐగెన్ వాల్యూలకి ఇట్టాంటి కట్టుబాటు ఏదైనా ఉందా చెప్పండి.

నెల్లూరు మాస్టారు:
లేదు. సరే, సోమవారం ఆ ఘనం బోర్డు మీద వేస్తా, పరీక్షలో రాదని ముందే చెప్పి. జోర్డాన్‌కి పెట్టుకున్న టైములోంచి మాత్రం ఒక్క నిమిషం ఇవ్వను. ఫీజు కట్టేది నెట్ కోసం.

కావలి కుర్రోడు:
సార్, ఆ 3×3 కూడా వేయండి. అది నెట్‌లో రావచ్చు.