అప్‌డేట్: ముక్కు దిబ్బడకి కారణం జలుబు కాదు, నా చుక్కల మందే

విజయనగరం సిరిమానోత్సవం జనంలో తిరిగొచ్చి జలుబు తెచ్చుకున్నాను, మూడు వారాలైనా ముక్కు దిబ్బడ వదల్లేదు, ఏం వాడాలని అడిగాను కదా. ఇప్పుడు తగ్గింది.

గంటస్తంభం దగ్గర మందుల షాపాయన నా చేతిలో ఆక్సీమెటాజోలిన్ (దిబ్బడ తగ్గడానికి ముక్కులో వేసుకునే మందు) చుక్కల సీసా చూసి "ఎన్నాళ్లుగా వేస్తున్నారు?" అన్నారు. ఇరవై రోజులంటే తల పట్టుకున్నారు. మూడు నుంచి ఐదు రోజులు దాటితే ఆ మందే మళ్లీ దిబ్బడ తెస్తుందట. లోపలి రక్తనాళాలను కుదించి దారి ఇస్తుంది, ప్రభావం తగ్గగానే అవి ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. నేనేమో జలుబు ముదిరిందనుకుని ఇంకో రెండు చుక్కలు!

ఈఎన్‌టీ డాక్టర్ ముందు ఒక ముక్కులో మానేయమన్నారు, అది తెరుచుకున్నాక రెండోది. తోడుగా స్టెరాయిడ్ స్ప్రే రాసిచ్చారు. మొదటి నాలుగు రాత్రులు నరకం, నోటితోనే ఊపిరి. ఉప్పునీటి చుక్కలు మాత్రం ఎన్నిసార్లయినా వేసుకోవచ్చన్నారు, అవే ఆదుకున్నాయి. అమ్మ వాము వేయించి మూట కట్టి ఇచ్చింది. దిబ్బడ వదిలిందని చెప్పను గానీ హాయిగా ఉండేది.

నేనడిగినప్పుడు సెట్రిజిన్ (అలర్జీ మాత్ర) వేసుకోమన్నవాళ్లకి: అలర్జీతో కారే ముక్కుకి పనిచేస్తుంది, దిబ్బడకి పెద్దగా కాదు. నాకైతే ఆఫీసులో నిద్రొచ్చింది. ఇంకొకటి, జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. జ్వరం మాత్ర విడిగా వేసుకునే ముందు అట్ట చూడండి, అదే మందు రెండుసార్లు పడకుండా. నాన్నకి బీపీ కాబట్టి, దిబ్బడ తగ్గించే మందు కలిసిన మాత్రలు అడగకుండా ఇవ్వొద్దన్నారు డాక్టర్.

సీసా పారేశాను.