రోజర్ కోర్మన్: గురువా, గడుసు వ్యాపారా?

సినిమాపిచ్చోడు: 2024 మేలో 98 ఏళ్ల వయసులో పోయిన అమెరికన్ ఇండిపెండెంట్ నిర్మాత రోజర్ కోర్మన్‌ను అందరూ గురువు అంటారు. పేరున్న దర్శకులు కొప్పోలా, స్కోర్సెసీ, జేమ్స్ కామెరాన్ తొలిరోజుల్లో ఆయన దగ్గర పనిచేసినవాళ్లే. కానీ కుర్రాళ్లతో చవగ్గా చాకిరీ చేయించుకుని దానికి శిక్షణ అని పేరు పెడితే న్యాయమేనా?

కట్‌చెప్పు: న్యాయమే. అనుభవం లేనివాడిని పెద్ద స్టూడియోలు గేటు దాటనిచ్చేవి కావు. కోర్మన్ దగ్గర పనిచేసిన పీటర్ బొగ్డనోవిచ్ సంగతి చూడండి. నటుడు బోరిస్ కార్లాఫ్ కోర్మన్‌కు ఇంకా రెండు రోజుల పని బాకీ. "ఆ రెండు రోజుల్లో ఆయనతో 20 నిమిషాలు తియ్యి, ఆయన నటించిన నా పాత సినిమాలోంచి ఇంకో 20 నిమిషాలు వాడుకో, మిగతా 40 వేరే నటులతో లాగించు" అన్నది బేరం. కథ నీ ఇష్టం. అలా వచ్చిందే 1968 నాటి 'టార్గెట్స్'. పిసినారితనం అనండి, ఏమైనా అనండి, ఆ లెక్కలోంచే ఓ దర్శకుడు బయటికొచ్చాడు.

మూడోవరస: పైకొచ్చినవాళ్ల పేర్లే వల్లిస్తున్నారు. వాళ్ల పక్కనే రాత్రింబవళ్లు సెట్లకు మేకులు కొట్టి, ఇల్లు గడవక వేరే పని చూసుకున్నవాళ్ల మాటేంటి? 1970లో ఆయన పెట్టిన న్యూ వరల్డ్ పిక్చర్స్‌లో యూనియన్ లేదు. ఓవర్‌టైమ్ గురించి ఎవరిని అడుగుతారు?

సినిమాపిచ్చోడు: నా బాధా అదే.

రష్‌ప్రింట్: 1962లో జాతివివక్ష మీద 'ది ఇంట్రూడర్' సొంత డబ్బుతో తీశాడు. పేరొచ్చింది, డబ్బు రాలేదు. స్టూడియో అండ లేనివాడికి ఒక్క ఫ్లాపు చాలు. జీతాలు బిగబట్టడం వెనక ఆ భయం ఉండదా?

మూడోవరస: అంతకు ముందే, 1960లో విడుదలైన 'ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' సెట్ షూటింగ్‌ను రెండు రోజుల్లో చుట్టేసిన మనిషికి 1962 దెబ్బ సాకు ఎలా అవుతుంది బాసూ?

కట్‌చెప్పు: సరే, గేల్ ఆన్ హర్డ్? కోర్మన్ దగ్గర అసిస్టెంటుగా చేరి, అక్కడే ప్రొడక్షన్ నేర్చుకుని, 1984లో 'ది టెర్మినేటర్' నిర్మించింది. ఏ ఫిల్మ్ స్కూల్ ఇస్తుంది ఆ చదువు? పైగా ఫీజు కట్టించుకోకుండా!

మూడోవరస: నేర్పాడు, కాదనను. నేర్పినందుకు జీతంలో కోత ఎందుకని అడుగుతున్నా. 1972లో స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ 'క్రైస్ అండ్ విస్పర్స్' హక్కులు కొని అమెరికాలో విడుదల చేయగలిగిన కంపెనీకి, కుర్రాళ్ల దగ్గరకొచ్చేసరికే డబ్బు కటకటా?