ఆర్సెనిక్ బ్యాక్టీరియా పేపర్ రిట్రాక్ట్ అయింది కదా, పాఠంలో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి?

క్లాస్‌నోట్స్:
2010 డిసెంబరులో ‘సైన్స్’ పత్రిక బయటపెట్టిన జీఎఫ్‌ఏజే-1 పేపర్ గురించి అడుగుతున్నాను. కాలిఫోర్నియాలోని మోనో సరస్సు మట్టిలో దొరికిన ఈ బ్యాక్టీరియా, ఫాస్ఫరస్ కరువైతే ఆ స్థానంలో ఆర్సెనిక్ పెట్టుకుని డీఎన్ఏ కట్టుకుంటుందని ఫెలీసా వుల్ఫ్-సైమన్ బృందం రాసింది. నాసా ప్రెస్ మీట్ పెట్టి మరీ చెప్పింది. 2025 జులైలో పత్రిక ఆ పేపర్‌ని వెనక్కి తీసుకుంది (రిట్రాక్ట్ చేసింది). డిగ్రీ మైక్రోబయాలజీ నోట్సులో ‘జీవానికి తప్పనిసరి మూలకాలు’ అనే భాగంలో ఇది ఇప్పటికీ మినహాయింపుగా కూర్చుని ఉంది. దాన్ని ఊరికే కొట్టేస్తే పిల్లలకు ఏమీ తెలియదు. తప్పు ఎక్కడుందో లెక్కతో చూపించే దారి ఉందా? ‘ఫాస్ఫేట్ లేని మీడియం’ (కణాలను పెంచే పోషక ద్రావణం) అన్నారు కదా, అందులో నిజంగా ఎంత లేదు? రిట్రాక్షన్ అంటే మోసం జరిగిందనేనా?

బెంచ్‌టాప్:
లెక్క దివ్యంగా చూపించవచ్చు. కావలసిన అంకెలు ఆ పేపర్‌లోనే ఉన్నాయి. ఫాస్ఫేట్ కలపని మీడియంలో వాళ్లు 40 మిల్లీమోలార్ (అంటే 40,000 మైక్రోమోలార్) ఆర్సెనేట్ వేశారు; ఫాస్ఫేట్‌లో ఫాస్ఫరస్ ఉన్న చోట ఆర్సెనిక్ ఉండే అయాను అది. అయినా లవణాలతో పాటు వచ్చిన మలినంగా సుమారు 3 మైక్రోమోలార్ ఫాస్ఫేట్ ఉందని వాళ్లే కొలిచి రాశారు. ఆ మీడియంలో పెరిగిన కణాలు మిల్లీలీటరుకు 2 కోట్ల దరిదాపుల్లో.

3 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకు 3 నానోమోల్స్, అంటే సుమారు 1,800 లక్షల కోట్ల ఫాస్ఫేట్ అయాన్లు. 2 కోట్ల కణాలకు పంచితే ఒక్కో కణానికి 9 కోట్లు వస్తాయి. ఇప్పుడు ఖర్చు చూడండి. కొలతకి ల్యాబుల్లో మామూలుగా వాడే బ్యాక్టీరియా ఇ. కోలైని తీసుకుందాం. జీనోము 46 లక్షల బేస్ జతలు, రెండు పోగులు కాబట్టి 92 లక్షల ఫాస్ఫేట్లు. వచ్చిన వాటాలో పదో వంతు, అంతే. అసలు ఖర్చు ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల దగ్గర. ఒక్కో రైబోజోములో ఆర్‌ఎన్ఏ 4,566 న్యూక్లియోటైడ్లు. రోజుకోసారి విభజన చెందేంత మందకొడి కణానికి 10,000 రైబోజోములు ఉన్నాయనుకున్నా (అది ఉదారంగా ఇచ్చినట్టే) 4.6 కోట్లు. పొరలోని ఫాస్ఫోలిపిడ్లకు ఇంకో 2 కోట్లు. మొత్తం ఏడున్నర కోట్లు. 9 కోట్లలో ఇమిడిపోయింది.

అంటే ఆ కణాలు ఆర్సెనిక్ తిని బతకలేదు, మలినంగా వచ్చిన ఫాస్ఫేట్‌తోనే పొదుపుగా బతికాయి. కెనడాలోని మైక్రోబయాలజిస్ట్ రోజీ రెడ్‌ఫీల్డ్, ఆ పేపర్ వచ్చిన రోజుల్లోనే తన బ్లాగులో ఈ లెక్క మీదే పట్టుబట్టారు.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. ఆర్సెనేట్ వేయని, ఫాస్ఫేట్ కూడా వేయని సీసాలో కణాలు పెరగలేదు. ఆర్సెనేట్ వేసినదాంట్లో పెరిగాయి. మూల రచయితలకు బలమైన ఆధారం అదే, తోసిపుచ్చదగ్గది కాదు. దీనికి ఒక వివరణ 2012లో వచ్చింది: ఇ. కోలై మీద ఆర్సెనేట్ వేస్తే రైబోజోములు భారీగా విరిగిపోతాయి, వాటిలోంచి వచ్చిన ఫాస్ఫేట్‌ని కణం మళ్లీ వాడుకుంటుంది.

అణువుబరువు:
పై లెక్క ‘ఆర్సెనిక్ అవసరం పడలేదు’ అని చెబుతుంది. ‘ఉండే అవకాశం లేదు’ అని చెప్పేది రసాయనశాస్త్రం. పీరియాడిక్ టేబుల్లో ఆర్సెనిక్ ఫాస్ఫరస్‌కి సరిగ్గా కింద ఉంటుంది, ఆర్సెనేట్ కూడా ఫాస్ఫేట్‌లాగే కనిపిస్తుంది, అందుకే విషం. కానీ నీళ్లలో ఆర్సెనేట్ ఎస్టర్ (డీఎన్ఏ గొలుసును కలిపే తరహా బంధం) నిలవదు. 2011లో వేసిన అంచనా ప్రకారం 25 డిగ్రీల దగ్గర డీఎన్ఏ వెన్నులో ఫాస్ఫేట్ బంధం అర్ధాయువు సుమారు 3 కోట్ల ఏళ్లు. ఆర్సెనేట్ బంధానిది 0.06 సెకను. ఆర్సెనిక్ డీఎన్ఏ ఉండి ఉంటే, నీళ్ల ద్రావణాల్లో వేరు చేసి జెల్ మీద (పొడవును బట్టి ముక్కలు విడిపోయేలా) నడిపేసరికి ముక్కలు ముక్కలు కావాలి. వాళ్ల జెల్‌లో మాత్రం డీఎన్ఏ పెద్ద బ్యాండ్‌గా చక్కగా కనిపించింది!

మరి ఆ బ్యాండ్‌లో ఆర్సెనిక్ ఎలా కనబడింది? 40 మిల్లీమోలార్ ఆర్సెనేట్‌లో పెరిగిన కణాల నుంచి తీసిన డీఎన్ఏకి అది అంటుకునే వస్తుంది. జెల్ ముక్కలోంచి డీఎన్ఏని మళ్లీ శుద్ధి చేయకుండానే మూలకాలు కొలిచారు. రెడ్‌ఫీల్డ్ బృందం 2012లో డీఎన్ఏని సీజియం క్లోరైడ్ గ్రేడియంట్‌లో (సాంద్రతను బట్టి వేరుచేసే ద్రావణంలో) తిప్పి, పొరలు పొరలుగా వేరు చేసి, మాస్ స్పెక్ట్రోమెట్రీతో వెతికింది. డీఎన్ఏలో కలిసిపోయిన ఆర్సెనేట్ ఏమీ దొరకలేదు. అదే సంచికలో స్విస్ బృందం పేపర్ కూడా వచ్చింది: ఈ సూక్ష్మజీవి ఆర్సెనేట్‌ని తట్టుకుంటుంది, కానీ పెరగాలంటే ఫాస్ఫేట్ ఉండాల్సిందేనని. అదే ఏడాది వైజ్మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫాస్ఫేట్‌ని పట్టి లోపలికి అందించే ప్రొటీన్లను పరీక్షించారు. ఆర్సెనేట్ కనీసం 500 రెట్లు ఎక్కువున్నా అవి ఫాస్ఫేట్‌నే ఎంచుకుంటాయి. ఈ తేడాని పసిగట్టేది ఒకే ఒక్క హైడ్రోజన్ బంధం: ఆర్సెనేట్ కూర్చుంటే దాని కోణం వంకర పోతుంది. నా దృష్టిలో ఈ గొడవ మొత్తంలో జీవం గురించి కొత్తగా తెలిసిన అతి విలువైన సంగతి ఇదే. పాఠంలో పెట్టాల్సింది ముందు దీన్నే.

నీలిరంగు:
‘ఎంత లేదు’ అన్న ప్రశ్నకి ఒక హెచ్చరిక. కాలేజీ ల్యాబుల్లో ఫాస్ఫేట్ కొలిచేది ఫిస్కే–సుబ్బారావు పద్ధతితో. అవును, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే, హార్వర్డ్‌లో ఉండగా 1925లో ప్రచురించింది. ప్రొటీన్లని ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో అవక్షేపించి తీసేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించిన 2.5 శాతం అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, తర్వాత అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే నీలిరంగు వస్తుంది. పది నిమిషాలాగి 660 నానోమీటర్ల దగ్గర చదవాలి.

కానీ ఆర్సెనేట్ కూడా మాలిబ్డేట్‌తో కలిసి అదే నీలిరంగు ఇస్తుంది. ముందుగా మెటాబైసల్ఫైట్, థయోసల్ఫేట్‌లతో ఆర్సెనేట్‌ని ఆర్సెనైట్‌గా మార్చి కొలిచే పద్ధతి ఉంది, మామూలు నీళ్ల నమూనాలకి పనికొస్తుంది. 40 మిల్లీమోలార్ దగ్గర పనికిరాదు. వెయ్యిలో ఒక వంతు మారకుండా మిగిలినా 40 మైక్రోమోలార్, అంటే మీరు వెతికే 3 మైక్రోమోలార్ ఫాస్ఫేట్‌కి 13 రెట్లు. అక్కడ ఐసీపీ-ఎంఎస్ (మూలకాలని విడివిడిగా కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ) తప్పదు.

ఈ పద్ధతి చేసిన పని చూడండి. కండరాల సారంలో నీలిరంగు రావాల్సిన వేగంతో రాకుండా మెల్లగా ముదరడం ఫిస్కే, సుబ్బారావు గమనించారు. ఆమ్లంలో సులువుగా విడిపోయే ఫాస్ఫేట్ ఏదో ఉందని పట్టుకుంటే అది ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీ, కణం శక్తిని దాచుకునే అణువు. కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్లని పిల్లలు చప్పగా ఉన్నాయని వదిలేస్తారు. జీవకణం శక్తిని ఎక్కడ దాస్తుందో బయటపడింది అలాంటి పేపర్ వల్లే.

క్లాస్‌నోట్స్:
చాలా ఉపయోగపడింది. ఆర్సెనిక్ ముట్టకుండా, 3 మైక్రోమోలార్‌కి ఎంత పెరుగుదల వస్తుందో ల్యాబులో చూపించగలమా?

బెంచ్‌టాప్:
చూపించవచ్చండీ. ఇ. కోలై కె-12, మాప్స్ బఫర్‌తో (ఆమ్లతను నిలకడగా ఉంచే, ఫాస్ఫేట్ లేని రసాయనంతో) మినిమల్ మీడియం, గ్లూకోజు. ఫాస్ఫేట్ బఫర్ వాడారో అక్కడికక్కడే ప్రయోగం అయిపోయినట్టు. పొటాషియం ఫాస్ఫేట్‌ని 0, 3, 10, 30, 100 మైక్రోమోలార్‌గా వేయండి, పొటాషియం తగ్గకుండా అన్నిట్లో పొటాషియం క్లోరైడ్ సమంగా ఉంచండి. సీసాలని 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. సబ్బుపొడితో కడిగితే ఫాస్ఫేట్ మళ్లీ తెచ్చి పోసినట్టే. బీజంగా వేసే కణాలని ఫాస్ఫేట్ లేని మీడియంతో రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి కడగండి, మిల్లీలీటరుకు లక్షకి మించి వేయకండి. 37 డిగ్రీల దగ్గర 24 గంటలు, కుదుపుతూ.

ఇక్కడ అందరూ పడే గోతి: కంటితో చూసి ‘పెరగలేదు’ అని రాసేయడం. మిల్లీలీటరుకు 2 కోట్ల కణాలంటే 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (ద్రావణం ఎంత మసకబారిందో చెప్పే కొలత) 0.025 మాత్రమే, సీసా తేటగానే కనిపిస్తుంది. పలుచన చేసి ప్లేట్ల మీద లెక్కపెట్టాలి. సున్నా సీసాలో కూడా ఎంతో కొంత పెరుగుతుంది, అది మీ రసాయనాల్లోని మలినం. ఆ అంకెని దాచకుండా రాయించండి.

రిఫరెన్స్‌డెస్క్:
రిట్రాక్షన్ సంగతి. ఈ కేసులో మోసం ఉందని పత్రిక అనలేదు. ప్రయోగాలు ముఖ్య నిర్ధారణలను నిలబెట్టలేవన్నదే కారణంగా చూపింది. రచయితలు ఒప్పుకోలేదు, తమ డేటా సరైనదేనన్నారు. ప్రచురణ నీతి కమిటీ ‘కోప్’ మార్గదర్శకాల్లో కూడా ఫలితాలు నమ్మదగ్గవి కాకపోతే, పొరపాటైనా సరే, వెనక్కి తీసుకోవచ్చని ఉంది. 2011లో అచ్చు సంచికలో పేపర్‌తో పాటే ఎనిమిది అభ్యంతర వ్యాసాలు వేశారు, 2012లో ఖండన వచ్చింది. శాస్త్రపరంగా విషయం అక్కడే తేలిపోయింది. మిగతా పదమూడేళ్లు పత్రిక నాన్చడమే అంటాను.

ఏ పేపర్‌ని ఉటంకించే ముందైనా డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత లింకు) నొక్కి పత్రిక పేజీకే వెళ్లండి. దాచుకున్న పీడీఎఫ్‌లో రిట్రాక్షన్ ముద్ర రాదు. పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో పైన ఎర్ర పట్టీ ఉంటుంది. వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ని 2023 నుంచి డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ ఉచితంగా ఇస్తోంది, రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్ జొటెరో వాడితే అదే వచ్చి హెచ్చరిస్తుంది. పత్రికా ప్రకటనలు మాత్రం నెట్‌లో అలాగే ఉండిపోతాయి, పిల్లలు ముందు తెరిచేది వాటినే.

నోట్సులో ‘మినహాయింపు’ అన్న మాట కొట్టేసి ఇలా రాయండి: ‘జీఎఫ్‌ఏజే-1 అధిక ఆర్సెనేట్‌ని తట్టుకుంటుంది, పెరుగుదలకు ఫాస్ఫేట్ అవసరం, డీఎన్ఏలో ఆర్సెనిక్ ఉందన్న 2010 నాటి వాదన 2012లో ఖండించబడింది, పేపర్ 2025లో రిట్రాక్ట్ అయింది.’ ఆర్సెనేట్‌ని శ్వాసక్రియకు వాడుకునే బ్యాక్టీరియా మోనో సరస్సులోనే ఉన్నాయి, అది వేరే పరిశోధన, చెక్కుచెదరలేదు. పొరపాటున ఆ పేరా కూడా లేపేయకండి.