పాత రివాల్వర్‌కు తయారీ సంవత్సరం ఏది: ఫ్రేముదా, ఫ్యాక్టరీ గడప దాటిన రోజుదా?

ప్రశ్నకర్త:

నా సంరక్షణలో ఉన్న ఒక రివాల్వర్ గురించి సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను. అది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్మిత్ అండ్ వెసన్ సంస్థ తయారుచేసిన .44 డబుల్ యాక్షన్, మొదటి మోడల్. బ్యారెల్‌ను కిందికి వంచగానే సిలిండర్ వెనుక భాగం తెరుచుకుని ఖాళీ తూటాలు బయటికి వచ్చే రకం. పిడి అడుగున ఉన్న వరుస సంఖ్యను పంపి, సంస్థ పాత లెడ్జర్ల ఆధారంగా తెప్పించుకున్న చరిత్ర పత్రంలో, ఇది 1903లో ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్ళిందని ఉంది. సంగ్రాహకులు వాడే గ్రంథాల్లో మాత్రం, ఈ మోడల్ 1881 నుంచి 1913 దాకా అమ్ముడైనప్పటికీ దాని ఫ్రేములన్నీ (మిగతా భాగాలు తగిలించే ప్రధాన చట్రాలు) 1899కి ముందే తయారయ్యాయని రాసి ఉంది. బ్యారెల్ పైన చెక్కిన పేటెంట్ తేదీలు వీటన్నిటికన్నా పాతవి. నా పట్టికలో తయారీ సంవత్సరం అన్న గడి ఒక్కటే ఉంది. అందులో ఏమి రాయాలి?

లెడ్జరు_పాఠకుడు:

1903 అని రాయండి. మీ దగ్గరున్న ఆధారాల్లో, ఆ రివాల్వర్ ఉన్న కాలంలోనే, ఆ ఒక్క రివాల్వర్ గురించే ఒక గుమాస్తా చేతితో రాసిన నమోదు నుంచి వచ్చినది అదొక్కటే. ఫ్రేములన్నీ 1899కి ముందువే అన్న వాక్యం మొత్తం మోడల్ గురించి చెప్పిన మాట. మీ సంఖ్య గల ఫ్రేము ఏ నెలలో తయారైందో అది చెప్పదు. పైగా ఫ్రేము రివాల్వర్ కాదు. బ్యారెల్ తగిలించక, సిలిండర్ అమర్చక, ట్రిగ్గరు సరిచూడక ముందు అది ఆకారం తీర్చిన ఇనుము మాత్రమే. దూలాలు కోసిన రోజును ఇల్లు కట్టిన రోజు అని ఎవరూ అనరు.

చట్టం_చదువరి:

దూలం పోలిక ఇక్కడ చెల్లదు. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం దృష్టిలో ఫ్రేమే తుపాకి. బ్యారెల్, సిలిండర్, పిడి పలకలు దానికి తగిలించే భాగాలు. 1898లో గాని అంతకు ముందు గాని తయారైన తుపాకిని అదే చట్టం పురాతన ఆయుధంగా పరిగణించి, ఆధునిక ఆయుధాలకు ఉన్న సమాఖ్య నిబంధనల నుంచి మినహాయిస్తుంది. ఈ మోడల్‌ను సంగ్రాహకులు సంఖ్యతో నిమిత్తం లేకుండా పురాతనంగా చూడటానికి కారణం ఆ ఫ్రేముల మాటే. గడిలో 1903 అని ఒక్క ముక్క రాస్తే, రేపు ఆ పట్టిక చూసినవారు దీన్ని వేరే వర్గంలో పడేస్తారు. 1898 లేదా అంతకు ముందు అని రాయడమే సరైనది.

ఇనుపముద్ర:

పై ఇద్దరు సభ్యులూ చెప్పిన విషయాల్లో తప్పు లేదు, కాని ఇద్దరూ తయారీ అన్న ఒకే మాటను రెండు వేర్వేరు సంఘటనలకు వాడుతున్నారు. ముప్పై ఏళ్ళుగా పాత రివాల్వర్ల పిడి పలకలు విప్పి చూస్తున్నవాడిగా చెబుతున్నాను: ఒక తేదీ కనబడగానే, అది ఏ పని జరిగిన తేదీ అని అడగకుండా దాన్ని తయారీ తేదీగా రాయడం వల్లే మన పట్టికల్లో ఇన్ని పొరపాట్లు చేరాయి.

పేటెంట్ తేదీతో మొదలుపెడతాను, ఎందుకంటే కొత్తగా వచ్చేవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది అదే. 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్లలో చాలావాటి ఫ్రేము మీద 1871, 1872, 1875 పేటెంట్ తేదీలు ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దంలో తయారైన వాటి మీద కూడా అవే ఉన్నాయి. ఆ ముద్ర అంతకంటే ముందు తయారు కాలేదని మాత్రమే చెబుతుంది, ఎంత తర్వాత అన్నది చెప్పదు.

పరీక్షా ముద్రల సంగతీ అంతే. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు చేరిన స్మిత్ అండ్ వెసన్ విక్టరీ రివాల్వర్లలో చాలావాటిని యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అమ్మారు. అమ్మకానికి ముందు పరీక్షా గృహంలో పేల్చి చూసి ముద్ర వేశారు. అందువల్ల 1942 ప్రాంతంలో తయారైన ఆయుధం మీద యుద్ధానంతర కాలపు బర్మింగ్‌హామ్ ముద్ర కనిపిస్తే, అందులో ఏ వైరుధ్యమూ లేదు. ముద్ర పరీక్ష తేదీకి సాక్షి, పుట్టుకకు కాదు.

సంవత్సరాన్నే ఫ్రేము మీద కొట్టిన సైనిక రివాల్వర్లు సులువైనవని అనుకుంటాము. ఎన్‌ఫీల్డ్ నెంబర్ 2 మీద సంవత్సరం స్పష్టంగానే ఉంటుంది; కాని 1938లో సుత్తి వెనుక కొమ్ము తీసేసిన రూపం వచ్చాక, అంతకు ముందు తయారైన వాటిని కూడా చాలావరకు ఆ రూపానికి మార్చారు. ముద్ర ఒక సంవత్సరాన్ని చూపుతుంది, చేతిలో ఉన్న రూపం అంతకు తర్వాతిది.

ఇక వరుస సంఖ్య. స్మిత్ అండ్ వెసన్ మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వర్ 1899లో ఒకటో సంఖ్యతో మొదలై 1942లో పది లక్షలకు చేరింది. ఆ తర్వాత సంఖ్య ముందు వి అక్షరం, యుద్ధం ముగిసిన తర్వాత ఎస్, 1948 నుంచి సి చేర్చారు. ఇలాంటి హద్దులు తెలిసినప్పుడు సంఖ్యతో కాలాన్ని బాగా దగ్గరగా పట్టుకోవచ్చు. అయితే సంఖ్యను ఫ్రేము మీద ముందుగానే కొట్టేవారు, ఆయుధాలను మాత్రం సంఖ్యల వరుసలో పంపించేవారు కాదు. అల్మరాలో ముందున్నది ముందు వెళ్ళేది. పక్కపక్క సంఖ్యలున్న రెండు రివాల్వర్లు ఏళ్ళ తేడాతో బయటికి వెళ్ళిన సందర్భాలున్నాయి. సిలిండర్ పక్కకు తెరుచుకునే రకాల్లో మరొక చిక్కు కూడా ఉంది: సిలిండర్‌ను మోసే చేయి లోపల, దానికి ఎదురుగా ఫ్రేము మీద కనిపించే అంకెలు అమర్చేటప్పుడు జతలు కలపడానికి వేసిన గుర్తులు. వాటిని వరుస సంఖ్యగా రాసి పంపి, తప్పు సంవత్సరం తెప్పించుకున్నవారిని నేను చాలామందిని చూశాను. అసలు సంఖ్య పిడి అడుగున ఉంటుంది.

ప్రశ్నకర్త గారూ, గడిలో ఏమి రాయాలో నిర్ణయించే ముందు ఒక పని చేయండి. సిలిండర్‌లోని తూటా గదులన్నీ ఖాళీగా ఉన్నాయని చూసుకున్నాక, పిడి అడుగున ఉన్న సంఖ్యను సిలిండర్ వెనుక ముఖం మీద, బ్యారెల్ మీద, బ్యారెల్‌ను మూసి పట్టే పై గొళ్ళెం మీద ఉన్న సంఖ్యలతో పోల్చండి. తర్వాత పిడి మరను దానికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే విప్పి, కుడి పలక లోపలివైపు పక్క వెలుతురులో చూడండి. అక్కడ సన్నగా గీసిన అంకెలుండాలి. పిడి అడుగున సంఖ్య పక్కన చిన్న నక్షత్రం ఉంటే, ఆ రివాల్వర్ ఎప్పుడో మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళి మరమ్మతు చేయించుకుని వచ్చిందని అర్థం.

ప్రశ్నకర్త:

మీరు చెప్పినట్లే చూశాను. పిడి అడుగున, బ్యారెల్ మీద, గొళ్ళెం మీద ఒకే సంఖ్య ఉంది. నల్లని గట్టి రబ్బరు పలక లోపల అంకెలు మొదట కనబడలేదు. టార్చిని పలకకు సమాంతరంగా పెట్టి వాలుగా వెలుతురు పడేట్టు చూస్తే, దుమ్ము కింద సూదితో గీసినట్లు అదే సంఖ్య బయటపడింది. నక్షత్రం లేదు. సిలిండర్ వెనుక ముఖం మీద సంఖ్య మాత్రం వేరు. అంకెల అచ్చు అదే తీరులో ఉంది, ఉక్కు రంగులో కూడా తేడా తెలియడం లేదు.

లెడ్జరు_పాఠకుడు:

సిలిండర్ వేరే రివాల్వర్‌ది అయితే నా వాదన కొంత బలహీనపడుతుందని ఒప్పుకుంటాను. 1903లో ఫ్యాక్టరీ దాటిన వస్తువు, ఈనాడు మీ చేతిలో ఉన్న వస్తువు పూర్తిగా ఒకటి కావు. అయినా ఫ్రేము 1898 నాటిదని నిశ్చయంగా రాయడానికి నేను ఇప్పటికీ అంగీకరించను. అది గ్రంథంలో చెప్పిన మాట, లెడ్జరులో ఉన్న మాట కాదు.

ఇనుపముద్ర:

ఆ అభ్యంతరం న్యాయమైనదే, అందుకే ఆ భేదం కూడా పట్టికలో కనిపించాలి. ఒక్క గడిని తీసేసి మూడు గడులు పెట్టండి. మొదటిదానిలో ఫ్రేము, 1898 లేదా అంతకు ముందు, సంగ్రాహకుల గ్రంథాల ప్రకారం అని. రెండవదానిలో ఫ్యాక్టరీ నుంచి విడుదల, 1903, చరిత్ర పత్రం ప్రకారం అని. మూడవదానిలో సిలిండర్ మరొక సంఖ్యది, మార్చిన కాలం తెలియదు అని రాయండి. సిలిండర్ మీది సంఖ్యను కూడా ఉన్నది ఉన్నట్లు నమోదు చేయండి. దాని అసలు జత ఎక్కడో ఎవరి దగ్గరో ఉంటే, వారు వెతికేది ఆ సంఖ్య కోసమే.

చట్టం_చదువరి:

మొదటి గడి అలాగే ఉంటే నాకు అభ్యంతరం లేదు. సిలిండర్ మారినంత మాత్రాన ఫ్రేము స్థితి మారదు.

ప్రశ్నకర్త:

మూడు గడులూ గీశాను. సిలిండర్ వెనుక ముఖాన్ని దగ్గరగా ఫొటో తీసి పట్టికకు జతచేస్తున్నాను.