పాత క్యాంపర్ వ్యాన్ పైకప్పు దిగిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కు కొత్తగా వచ్చాను. ఒక పాత క్యాంపర్ వ్యాన్ కొన్నాను. పైకి లేపే కప్పు మధ్యాహ్నం బాగానే నిలుస్తోంది, తెల్లవారేసరికి కిందికి దిగిపోతోంది. దాన్ని పైకి నెట్టి పట్టి ఉంచే గ్యాస్ కడ్డీల్లో (గ్యాస్ స్ట్రట్లు) మళ్లీ గ్యాస్ నింపించవచ్చా?

*

తమ్ముడూ, మాది కడప. మన వైపు లారీ షెడ్డుకు తీసుకెళ్తే బాగుకాని వస్తువంటూ ఉండదు కనుక నీకా ఆలోచన వచ్చి ఉంటుంది. ఈ కడ్డీని మాత్రం విప్పే ప్రయత్నం చేయవద్దు. లోపల నైట్రోజన్ విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది. కోసినా, రంధ్రం వేసినా, వేడిచేసినా ప్రాణం మీదికి వస్తుంది. కొత్తవి వేయడమే దారి, అదీ జతగా. ఒకటే మారిస్తే కప్పు ఒకవైపు లాగి కీళ్లు పాడవుతాయి.

ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు వరకు చలికాలం. వేడి 20 డిగ్రీల నుంచి సున్నాకు పడితే కడ్డీ బలం దాదాపు 7 శాతం తగ్గుతుంది. కొత్తది తట్టుకుంటుంది, గ్యాస్ కారిన పాతది తట్టుకోలేదు. కడ్డీ సిలిండర్‌లోంచి బయటికి వచ్చే మెరిసే రాడ్డును వేలితో తడిమి చూడు. నూనె జిగట తగిలితే సీలు పోయినట్టే.

సిలిండర్ మీద ముద్రించిన అంకె న్యూటన్లలో దాని బలం. అదే అంకె ఉన్నది కొను. ఎక్కువ బలమున్నది మేలనుకోవద్దు, కప్పు మూసినప్పుడు కొక్కెం పట్టదు, కీళ్లు వంగుతాయి. పాత యజమాని పైన సోలార్ పలక బిగించి ఉంటే మాత్రం ఆ బరువు సంగతి దుకాణంలో తప్పక చెప్పు.

విప్పే ముందు కప్పును పూర్తిగా లేపి రెండువైపులా గట్టి కర్రలు పోటు పెట్టు. ఎవరో ఒకరు పట్టుకుంటారులే అనుకోవద్దు, కడ్డీ ఊడగానే బరువంతా వేళ్ల మీద పడుతుంది. కడ్డీ కొనలో గుండ్రటి బుడిపెను పట్టి ఉంచే చిన్న క్లిప్పు ఉంటుంది. దాన్ని సన్నని స్క్రూడ్రైవర్‌తో కాస్త లేపితే చాలు, ఊడివస్తుంది. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పొడవు సరిచూసుకో.

*

అన్న చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. కప్పు దించేటప్పుడు పక్క తలుపు తెరిచి ఉంచండి. గాలి బయటికి పోతేనే కప్పు చుట్టూ ఉండే గుడ్డ లోపలికి ముడుచుకుంటుంది, లేదంటే అంచున నలిగి చిరుగుతుంది. మాది కర్నూలు, ఉండేది ఈ ఊళ్లోనే. పోటు పెట్టడానికి పనికొచ్చే కర్రలు మా గ్యారేజీలో ఉన్నాయి, శనివారం వచ్చి తీసుకెళ్లండి.